డీజిల్, కరెంటు, ఎరువుల ధరలు పెరిగినప్పుడు సాగు ఖర్చు ఎక్కడ తగ్గించాలి? ఎలా తగ్గించాలి?

డీజిల్ పెరిగింది, కరెంటు పెరిగింది, ఎరువు పెరిగింది. పంట ధర మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడు ఎక్కడ తగ్గించుకోవాలి? సాగు చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు, ఎందుకంటే ఒకరి పొలంలో డబ్బు బోరు దగ్గర పోతుంది, ఇంకొకరి పొలంలో యూరియా రూపంలో పోతుంది. మీ పొలంలో ఎక్కడ పోతోందో మీరే కొలిచి తెలుసుకునే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. దిగుబడికి దెబ్బ తగలకుండా తగ్గించుకునే మార్గాలే చెబుతాను. తడి ఎగ్గొట్టి, ఎరువు మానేసి చేసిన పొదుపు కోతనాడు నష్టంగా తేలుతుంది.

ముందు ఒక్క విషయం తెలియాలి. ఇంధనం ధర పొలంలోకి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది మీరు నేరుగా కొనే డీజిల్, కరెంటు. రెండోది మీరు అద్దెకు తెచ్చే ట్రాక్టర్, కోత యంత్రం, లారీ. మూడోది ఎరువు, ఇదే చాలామందికి కనిపించదు. నత్రజని ఎరువులకు మూలమైన అమ్మోనియాను ఎక్కువగా సహజవాయువుతో తయారుచేస్తారు. ఒక కిలో నత్రజని తయారవడానికి ఒక లీటరు డీజిల్‌లో ఉన్నదానికంటే ఎక్కువ శక్తి పడుతుంది. 2022లో గ్యాస్ ధర ఆకాశాన్నంటినప్పుడు యూరప్‌లో చాలా అమ్మోనియా ఫ్యాక్టరీలు ఉత్పత్తి తగ్గించేశాయి. కాబట్టి యూరియాను కూడా ఇంధనం ఖాతాలోనే రాసుకోండి.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా సరే
- కరెంటు మీటరు రీడింగ్ చూసే వీలు
- ఎన్ని లీటర్లు పడుతుందో కచ్చితంగా తెలిసిన డ్రమ్ము (200 లీటర్లదైతే మంచిది)
- ఫోన్‌లో ఉండే స్టాప్‌వాచ్
- కొలత టేపు, బావి లోతు చూడటానికి బరువు కట్టిన తాడు
- చివర మొన ఉన్న సన్నని ఇనుప కడ్డీ, మీటరు పొడవుది
- ఇటీవలి మట్టి పరీక్ష ఫలితం
- ధాన్యం ఆరబెట్టేవాళ్లకు తేమ కొలిచే మీటరు

వీటిలో కొన్ని లేకపోయినా పని ఆగదు. నోటు పుస్తకం, డ్రమ్ము, గడియారం మాత్రం తప్పనిసరి.

1. ఒక పంట కాలం లెక్క రాయండి

డబ్బుతో పాటు లీటర్లు, యూనిట్లు, కిలోలు కూడా రాయండి. డబ్బు మాత్రమే రాస్తే ఖర్చు పెరిగింది ధర వల్లనా, వాడకం వల్లనా అన్నది తెలియదు. ధర మన చేతిలో లేదు, వాడకం ఉంది.

ప్రతి పనికీ ఒక వరుస పెట్టుకోండి: దుక్కి, విత్తడం, ఒక్కో తడి, ఒక్కో దఫా ఎరువు, మందు కొట్టడం, కోత, నూర్పిడి, ఆరబెట్టడం, రవాణా. అద్దె ట్రాక్టరైతే ఎన్ని గంటలు తిరిగిందో రాయండి. కోత అయ్యాక మొత్తాన్ని రెండు రకాలుగా భాగించండి: ఎకరానికి ఎంత, క్వింటాలు దిగుబడికి ఎంత. రెండోదే అసలు లెక్క. ఎకరానికి డీజిల్ తగ్గినా, దిగుబడి అంతకంటే ఎక్కువ తగ్గితే అది పొదుపు కాదు.

ధర పెరిగిందనగానే టెన్షన్ పడకుండా చిన్న గుణకారం చేయండి. మీ మొత్తం సాగు ఖర్చులో డీజిల్ వాటా 15 శాతం అనుకుందాం. డీజిల్ ధర 20 శాతం పెరిగితే సాగు ఖర్చు పెరిగేది 3 శాతం. అదే నీళ్లూ ఎరువూ కలిసి సగం ఖర్చు ఉన్న పొలంలో, ఆ రెండూ 20 శాతం పెరిగితే భారం 10 శాతం. ఏ వరుస దగ్గర ముందు కూర్చోవాలో ఈ లెక్కే చెబుతుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, సొంత ట్రాక్టర్‌కు పోసిన డీజిల్ రాసి, అద్దె యంత్రాల బిల్లును కూలి ఖాతాలో కలిపేయడం. ఆ బిల్లులోనూ డీజిల్ ఉంది.

2. పంపును పరీక్షించండి

బోరు, బావి మీద ఆధారపడిన పొలాల్లో నేను మొదట చూడమనేది ఇదే. పంపు నీళ్లు పోస్తూనే ఉంటుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం. అరిగిన పంపు కూడా నీళ్లు పోస్తుంది, కాకపోతే అదే నీటికి ఎక్కువ కరెంటు తింటుంది.

ముందు నీటి ధార కొలవండి. పంపు వేసి పదిహేను ఇరవై నిమిషాలు వదిలేయండి. తర్వాత డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. మూడుసార్లు చూసి సగటు తీయండి. 200 లీటర్ల డ్రమ్ము 33 సెకన్లలో నిండితే ధార సెకనుకు దాదాపు 6 లీటర్లు. ధార మరీ పెద్దదై డ్రమ్ము క్షణాల్లో నిండిపోతుంటే, కొలతలు తెలిసిన తొట్టి నింపి చూడండి.

తర్వాత ఎత్తు కొలవండి. పంపు నడుస్తుండగా బావిలో నీటి మట్టం ఎక్కడుందో అక్కడి నుంచి నీళ్లు బయటపడే పైపు మూతి దాకా ఎన్ని మీటర్లో చూడండి. పంపు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే తప్పు లెక్క వస్తుంది, నడిచేటప్పుడు మట్టం కిందికి దిగుతుంది. బోరులోకి తాడు వదలడం మాత్రం వద్దు, అది కేబుల్‌కు, పైపుకు చుట్టుకునే ప్రమాదం ఉంది. బోరు మట్టం కొలిచే పరికరం ఉన్న మెకానిక్ చేత కొలిపించండి. స్ప్రింక్లరు, డ్రిప్పు ఉంటే ప్రెషర్ గేజి మీద ప్రతి ఒక కిలోకు 10 మీటర్ల ఎత్తు కలపాలి.

ఇక కరెంటు. ఆ మీటరు మీద వేరే ఏవీ నడవకుండా చూసి, అరగంట పంపు నడపండి. రీడింగ్ తేడాను రెండుతో గుణిస్తే గంటకు ఎన్ని యూనిట్లో వస్తుంది. మోటారు మీద రాసిన హెచ్‌పీని బట్టి లెక్కకట్టొద్దు. అది మోటారు ఇవ్వగలిగిన పని, లాగే కరెంటు వేరు.

లెక్క ఇది: సెకనుకు లీటర్లను ఎత్తు మీటర్లతో గుణించి 102తో భాగించండి. వచ్చేది నీటికి నిజంగా అందిన పని, కిలోవాట్లలో. 6 లీటర్లు, 30 మీటర్లు అయితే 180ని 102తో భాగించాలి, 1.76 వస్తుంది. మీ మీటరు గంటకు 4.4 యూనిట్లు చూపిస్తే, 1.76ను 4.4తో భాగించండి, 0.40 వస్తుంది, అంటే 40 శాతం. 100 పైసల కరెంటులో 40 పైసలే నీటికి చేరింది.

50 శాతం పైన ఉంటే పంపును కదపకండి. 40 లోపు ఉంటే ఈ వరుసలో వెతకండి, ఖర్చు తక్కువైన వాటి నుంచి:

- పైపు మూతి అవసరానికి మించి పైకి లేపి ఉందా? తొట్టి అంచుకు మీటరు పైన నీళ్లు దూకుతుంటే ఆ మీటరు ఎత్తు ఖర్చు ప్రతి గంటా కడుతున్నట్టే.
- ఫుట్‌వాల్వ్ (నీళ్లు లాగే పైపు అడుగున ఉండే వాల్వు) చెత్తతో పూడిపోయిందా?
- బయట ఉండే పంపైతే, నీళ్లు లాగే వైపు పైపు గాలి పీలుస్తోందా? ధార తెల్లగా బుడగలతో వస్తుంటే అనుమానించండి.
- పైపు సన్నదా? నాలుగు అంగుళాల చోట మూడు అంగుళాల పైపు వేస్తే, అంతే నీటికి రాపిడి నష్టం దాదాపు నాలుగింతలు. పైపు పొడుగు ఎక్కువైన కొద్దీ ఇది బాధిస్తుంది.
- ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) అరిగిందా? ఇసుక వచ్చే బోర్లలో ఇది మామూలే.
- పంపు ఎత్తుకు తగిందేనా? 60 మీటర్ల ఎత్తుకు చేసిన పంపును 25 మీటర్లకు వాడితే మంచి పంపు కూడా చెడ్డగా పనిచేస్తుంది. మోటారు కాలినప్పుడు హెచ్‌పీ ఒక్కటే చూసి కొన్నవాళ్ల దగ్గర ఇది తరచూ కనిపిస్తుంది.

కేబుల్, స్టార్టర్, మోటారు ముట్టుకునే ముందు మెయిన్ తీసేయండి. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి ఏదీ విప్పొద్దు. వైరింగ్ పని తెలిసిన మనిషికే అప్పగించండి.

కెపాసిటర్ పెడితే బిల్లు సగమవుతుందని చెప్పేవాళ్లుంటారు. సరైన సైజు కెపాసిటర్ వల్ల లైనులో కరెంటు తగ్గుతుంది, మోటారుకు వోల్టేజి కాస్త మెరుగవుతుంది. కానీ యూనిట్ల మీద బిల్లు వచ్చేచోట తగ్గేది చాలా స్వల్పం.

రిపేరు అయ్యాక గంటకు యూనిట్లు తగ్గాయా అని చూడటం పొరపాటు. పంపు బాగుపడితే ధార పెరుగుతుంది, మోటారు అంతే లాగవచ్చు. చూడాల్సింది వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు అన్నది. పై ఉదాహరణలో గంటకు 21,600 లీటర్లకు 4.4 యూనిట్లు, అంటే వెయ్యి లీటర్లకు 0.2 యూనిట్లు. రిపేరు తర్వాత ఈ అంకె దిగాలి.

డీజిల్ ఇంజన్‌కూ ఇదే పరీక్ష. ట్యాంకు అంచు దాకా నింపి, గంట నడిపి, మళ్లీ అంచు దాకా ఎంత పట్టిందో కొలవండి. నీటికి అందిన పనిని ఆ లీటర్లతో భాగించండి. ఒక కిలోవాట్ పని గంటసేపు జరిగితే ఒక యూనిట్. లీటరుకు ఒక యూనిట్ కూడా రాకపోతే ఇంజనో పంపో బాగోలేదు. నల్ల పొగ వస్తుంటే ముందు గాలి ఫిల్టరు, తర్వాత ఇంజెక్టరు చూపించండి.

3. ఎంత నీరు పెడుతున్నారో లెక్కించండి

ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే దాదాపు 4,050 లీటర్లు. 50 మిల్లీమీటర్ల తడికి రెండు లక్షల లీటర్ల పైచిలుకు. సెకనుకు 6 లీటర్ల ధారతో తొమ్మిదిన్నర గంటల పని. మీరు పదిహేను గంటలు నడుపుతుంటే మిగతా నీరు కాలువలో ఇంకిపోతోందో, వేర్ల కిందికి దిగిపోతోందో చూడాలి.

తడి పెట్టిన మర్నాడు ఇనుప కడ్డీని పొలంలో నాలుగైదు చోట్ల గుచ్చండి. తడిసిన మట్టిలో సులువుగా దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగుతుంది. రాళ్లు తగిలిన చోటు వదిలేసి పక్కన గుచ్చండి. కాలువ మొదట్లో మీటరు లోతు తడిసి, చివర్లో జానెడే తడిస్తే నీరు సమంగా పారడం లేదు. మడులు చిన్నవి చేయడం, నేల చదును చేయడం, మట్టి కాలువ బదులు పైపు వేయడం, ఈ మూడిట్లో ఏదో ఒకటి దీనికి మందు.

వరికి పంట కాలమంతా నీరు నిలబెట్టనక్కర్లేదు. 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకోండి. కింది సగానికి చుట్టూ రంధ్రాలు చేసి, ఆ సగం మట్టిలోకి దించండి. లోపలి మట్టి తీసేయండి. నాటిన ఒకటి రెండు వారాల తర్వాత నుంచి, పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ 5 సెంటీమీటర్ల నీరు పెట్టండి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం నీరు నిలిచి ఉండాలి, అక్కడ పొదుపు చేస్తే గింజ పోతుంది. కలుపు విపరీతంగా ఉన్న పొలంలో మొదటి రెండు మూడు వారాలు నీరు నిలిపి, ఆ తర్వాత మొదలుపెట్టండి. నీరు పట్టని ఇసుక నేలల్లో పైపు రోజూ చూడాల్సి వస్తుంది.

డ్రిప్పు, స్ప్రింక్లరు గురించి ఒక హెచ్చరిక. నీరు తగ్గుతుంది, నిజమే. కానీ ఒత్తిడి కావాలి. మూడు కిలోల ఒత్తిడితో నడిచే స్ప్రింక్లరు అంటే 30 మీటర్ల ఎత్తు అదనంగా ఎక్కించినట్టు. లోతైన బోరు ఉన్నచోట నీటి పొదుపు దీన్ని దాటేస్తుంది. ఐదు మీటర్ల లోతులో నీరు దొరికే చోట స్ప్రింక్లరు పెడితే కరెంటు ఖర్చు పెరిగే అవకాశమే ఎక్కువ. అలాంటిచోట తక్కువ ఒత్తిడితో నడిచే డ్రిప్పు నయం.

4. నత్రజని లెక్క సరిచేయండి

ఎరువు తగ్గించమని చెప్పడం లేదు. వేసింది పంటకే అందాలంటున్నాను.

మొదట బస్తాల లెక్క మాని, నత్రజని కిలోల్లో ఆలోచించండి. యూరియాలో 46 శాతం, డీఏపీలో 18 శాతం నత్రజని. ఎకరానికి 40 కిలోల నత్రజని సిఫారసు ఉందనుకోండి. దుక్కిలో 50 కిలోల డీఏపీ వేస్తే 9 కిలోల నత్రజని వచ్చేసింది. ఇంకా కావాల్సింది 31 కిలోలు, అంటే 67 కిలోల యూరియా. డీఏపీలో నత్రజని ఉందన్న సంగతి మరిచి 87 కిలోల యూరియా వేసేవాళ్లు చాలామంది. ఆ 20 కిలోలు పంటకు అక్కర్లేనివి, పైగా పురుగును, తెగులును పిలుస్తాయి, పైరును పడగొడతాయి.

రెండోది, చల్లిన యూరియాను గాలికి వదలొద్దు. వెచ్చటి వాతావరణంలో, తేమగా ఉన్న నేల మీద పడి ఉన్న యూరియా అమ్మోనియాగా మారి పోతుంది. చల్లిన వెంటనే మట్టిలో కలపండి, లేదా 12 మిల్లీమీటర్ల తేలికపాటి తడి ఇవ్వండి. మంచు పదునుకు చల్లి ఎండకు వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. అలాగని భారీ వాన ముందు చల్లితే కొట్టుకుపోతుంది.

మూడోది, దఫాలుగా వేయండి. వరికైతే ఆకుల రంగు పట్టిక (ఆకుతో పోల్చి చూసే ఆకుపచ్చ రంగుల పట్టీ) ఉంటే రంగు చూసి పైపాటు వేయవచ్చు. పూర్తిగా విప్పుకున్న పై ఆకును, మీ నీడలో ఉంచి పోల్చాలి. పది ఆకులు చూడండి, ఆరు లేదా అంతకంటే ఎక్కువ సూచించిన రంగుకంటే పాలిపోయి ఉంటేనే వేయాలి. నేరుగా ఎండ పడుతుంటే రంగు తప్పుగా కనిపిస్తుంది.

పప్పుజాతి పంట తర్వాత వేసే పైరుకు నత్రజని కొంత తగ్గించవచ్చు. ఆ పప్పు పంట నిజంగా పనిచేసిందా అన్నది చూడటానికి పూత సమయంలో మొక్క పీకి వేరు బుడిపెను కోయండి. లోపల గులాబీ రంగు ఉంటే బాగా పనిచేస్తోంది. తెల్లగానో పచ్చగానో ఉంటే దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

పశువుల ఎరువు, పచ్చిరొట్ట మంచివే. కానీ పశువుల ఎరువులోని నత్రజని అంతా మొదటి పంటకే అందదు. దాన్ని నమ్మి యూరియా ఒక్కసారిగా ఆపేయకండి. మట్టి పరీక్ష చూడకుండా భాస్వరం, పొటాష్ మానేయడం కూడా అంతే ప్రమాదం. వాటి లోటు మొదటి ఏడు కనిపించకపోవచ్చు, తర్వాత పూడ్చడం కష్టం.

5. ట్రాక్టర్ పని తగ్గించండి

ఎకరంలో ఒక సెంటీమీటరు మందం మట్టి బరువు దాదాపు 50 టన్నులు. అవసరం లేకుండా ఐదు సెంటీమీటర్లు ఎక్కువ లోతు దున్నితే 250 టన్నుల మట్టిని ఊరికే కదిలించినట్టు. లోతు దుక్కి కావాలనే నమ్మకాన్ని ఒకసారి పరీక్షించి చూడండి. గొయ్యి తీసి గట్టి పొర ఉందో లేదో చూసి, ఉంటేనే లోతుకు వెళ్లండి.

అన్నిటికంటే పెద్ద పొదుపు ఒక సాలు తగ్గించడం. కల్టివేటర్ రెండుసార్లు, రోటవేటర్ రెండుసార్లు వేసేచోట మట్టి సరైన పదునులో ఉంటే ఒకటి తగ్గించవచ్చు. బాగా తడిగా ఉన్నప్పుడు దున్నితే గడ్డలు లేస్తాయి, వాటిని చితక్కొట్టడానికి మళ్లీ డీజిల్. దుక్కి లేకుండా విత్తే యంత్రం అందుబాటులో ఉంటే మొదట ఒక ఎకరంలోనే చేసి చూడండి. కలుపు అదుపు తప్పే పొలంలో అది కలిసిరాదు.

చక్రం జారుడు చూడండి. వెనక చక్రం మీద సుద్దతో గుర్తు పెట్టి, పరికరం పైకెత్తి పది చుట్లకు ఎంత దూరం వెళ్లిందో కొలవండి. తర్వాత దున్నుతూ పది చుట్లకు కొలవండి. మొదటిది 46 మీటర్లు, రెండోది 40 మీటర్లు అయితే జారుడు 13 శాతం, ఇది మంచిదే. 15 దాటితే టైర్లు, బరువు, లోతు చూసుకోవాలి. 8 కంటే తక్కువుంటే అనవసరపు బరువు మోస్తున్నారు. టైర్లలో గాలి ఎంత ఉండాలో ట్రాక్టర్ పుస్తకం చూసి పెట్టండి.

తేలిక పనుల్లో ఒక గేరు పైకి వేసి యాక్సిలరేటర్ తగ్గిస్తే డీజిల్ మిగులుతుంది. ఇంజన్ మూలుగుతున్నా, నల్ల పొగ వచ్చినా వెంటనే గేరు దించండి. రోటవేటర్‌లాంటి, ట్రాక్టర్ షాఫ్టుతో తిరిగే పరికరాలకు ఈ చిట్కా పనికిరాదు. వాటికి చెప్పిన వేగం ఉండాల్సిందే.

6. ఆరబెట్టడం

డ్రయ్యర్ వాడేవాళ్లకే ఇది. 20 శాతం తేమ ఉన్న 1,000 కిలోల ధాన్యాన్ని 14కు తేవాలంటే 60 కిలోల నీరు తీయాలని లెక్కేస్తారు. నిజానికి దాదాపు 70 కిలోలు తీయాలి, ఎందుకంటే చివరి 14 శాతం తగ్గిన బరువు మీద లెక్క. వీలైనంత నీరు ఎండకే వదిలి, చివరి రెండు మూడు శాతానికే డ్రయ్యర్ వాడండి. చేలో మరీ ఎక్కువ ఎండనిస్తే గింజ రాలుతుంది, వాన భయం ఉంటే అసలు వద్దు.

అతిగా ఆరబెట్టడం రెండు వైపులా నష్టం. 14 శాతం దగ్గర 1,000 కిలోలున్న ధాన్యం 11కు వచ్చేసరికి 966 కిలోలు అవుతుంది. ఇంధనం ఖర్చు చేసి బరువు పోగొట్టుకున్నట్టు. కొనేవాళ్లు అడిగే తేమ దగ్గర ఆపండి. విత్తనానికి, ఎక్కువ కాలం నిల్వకు మాత్రం ఇంకా ఆరాలి.

7. కొత్త పంపు, సోలార్ కొనే ముందు

పై పనులన్నీ చేశాకే కొనండి. లీకులు, సన్న పైపు, అదనపు నీరు సరిచేశాక మీకు కావాల్సిన సోలార్ సైజే తగ్గిపోవచ్చు. ఏడాదికి మిగిలే డబ్బుతో కొనే ఖర్చును భాగించండి, ఎన్నేళ్లలో తిరిగొస్తుందో తెలుస్తుంది. అప్పు వడ్డీ, రిపేర్లు కలపడం మరవొద్దు. అద్దె ట్రాక్టర్, కోత యంత్రాల లాంటి వాటికి పక్కపక్క పొలాలవాళ్లు కలిసి ఒకేరోజు పిలిపించుకుంటే తిరుగుడు ఖర్చు పంచుకోవచ్చు, దీనికి పెట్టుబడే అక్కర్లేదు.

సోలార్ వచ్చాక నీరు ఉచితం అనిపించి రోజంతా పంపు వదిలేస్తారు. భూగర్భ జలం దిగిపోతే ఆ పంపే రేపు అందుకోలేదు. సోలార్ పెట్టినా మూడో అంచెలోని కడ్డీ పరీక్ష ఆపకండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

ఒక పంటలో ఒక వరుసలో ఒక్క మార్పే చేయండి. నీరు, నత్రజని, దుక్కి మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. పొలం మధ్యలో ఒక పట్టీని పాత పద్ధతిలోనే ఉంచండి. గట్టు పక్కనున్న పట్టీ వద్దు, అక్కడ పైరు ఎప్పుడూ వేరుగా ఉంటుంది. కోతప్పుడు పాత పట్టీ నుంచి, కొత్త పట్టీ నుంచి సమాన వైశాల్యం విడిగా కోసి తూకం వేయండి. కంటి అంచనాను నమ్మకండి, నత్రజని ఎక్కువైన పైరు ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది.

వాన బాగా పడిన ఏడాది కరెంటు తగ్గితే ఆ ఘనత పంపు రిపేరుకు ఇవ్వకండి. అందుకే వెయ్యి లీటర్లకు యూనిట్లు, ఎకరం దుక్కికి లీటర్లు, క్వింటాలుకు నత్రజని కిలోలు అనే మూడు అంకెలను ఏటా పోల్చుకోండి. వీటి మీద ధరల ప్రభావం ఉండదు. క్వింటాలుకు నత్రజని అంకెలో మాత్రం వాతావరణం కలిసి ఉంటుంది, దాన్ని రెండు మూడు పంటల సగటుగా చూడండి. పంపు పరీక్షను ప్రతి వేసవిలో నీటి మట్టం దిగినప్పుడు ఒకసారి, వానల తర్వాత మట్టం పెరిగినప్పుడు ఒకసారి చేయండి, ఒకే పంపు రెండు వేర్వేరు అంకెలు చూపించడం మామూలే. నిరుటి వేసవి అంకెను ఈ వేసవి అంకెతోనే పోల్చాలి.